రాళ్ళ బరువు పోను

శుక్రవారం వస్తే మా బ్యాంకులో నగల లోను కౌంటరు బోసిపోతుంది. ఆ రోజు లక్ష్మిని గడప దాటించగూడదని తమిళులకూ పట్టింపే, మనవాళ్ళకూ పట్టింపే. తక్కిన రోజుల్లో మాత్రం తిరువళ్ళూరు చుట్టుపక్కల పల్లెల బంగారమంతా మా అప్రైజరు ఆచారి ముందు వరస కట్టి నిలబడుతుంది. విత్తనాలకు కొంత, పిల్లల ఫీజులకు కొంత, ఆసుపత్రికి కొంత. ఆచారి నగను గీటురాయి మీద గీసి, తూచి, మూడు అంకెలు చెబుతాడు. మొత్తం బరువు, అందులో రాళ్ళ బరువు, రాళ్ళ బరువు పోను మిగిలిన నికర బరువు. లోను ఇచ్చేది ఆ మూడో అంకె మీదనే. రాయి వజ్రమైనా గాజుపెంకైనా మాకు ఒకటే, సున్న. రిజర్వు బ్యాంకు నిబంధన కూడా అంతే. నగలో ఉన్న బంగారానికే విలువ కట్టాలి, రాళ్ళ ఖరీదు కలపగూడదు.

ముప్పై ఏళ్ళకు పైగా ఈ తీసివేత లెక్క చేస్తూ వచ్చాను. ఆ మధ్య అంకె గురించి ఒక్కనాడూ ఆలోచించిన పాపాన పోలేదు. మా అమ్మాయికి పెళ్ళి కుదిరాక గాని దాని సంగతి నా మీదికి రాలేదు.

మాది తిరుత్తణి. 1960 ఏప్రిల్ 1న మా తాలూకా చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. మా తాత కాలపు భూమి పత్రాలు తెలుగులో ఉంటాయి, మా నాయన పేరుమీది పట్టా తమిళంలో ఉంటుంది, మడి మాత్రం అదే మడి. ఆ మార్పు జరిగిన మూడేళ్ళకు, 1963లో, మా అమ్మ పెళ్ళయింది. పుట్టింటివాళ్ళు ఆమెకు పెట్టినవి ఏడు రాళ్ళ కమ్మలు. నడుమ ఒక రాయి, చుట్టూ ఆరు. అవి మా అమ్మమ్మ చెవులకున్నవే. ఆడికృత్తికకు కొండెక్కేటప్పుడు కూడా అమ్మ వాటిని తీసేది కాదు. కావళ్ళ జనంలో ఎవడైనా చెవులు తెంపుకు పోతాడేమోనని మా నాయన దారిపొడుగునా సణుగుతూనే ఉండేవాడు. ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ వాటిని చూసి "జాగర్ గదా!" అనేవాళ్ళు. అమ్మ తల ఊపేది.

మద్రాసు పక్క పెరిగిన పెద్దవాళ్ళకు ఈ జాగర్ అనే మాట తెలిసే ఉంటుంది. బ్లూ జాగర్ అంటే లేత నీలిచాయ కొట్టే తెల్లవజ్రం. పెళ్ళిమాటల్లో ఇన్ని సవర్ల బంగారం అన్న తర్వాత, గొంతు కొంచెం తగ్గించి, జాగర్ కమ్మలు అనేవాళ్ళు. అది ఏదో పనితనం పేరని ఇన్నాళ్ళూ అనుకున్నాను. అది ఒక ఊరి పేరులోని ముక్క అని మొన్నమొన్న తెలిసింది.

పెళ్ళిమాటల్లోనే ఈ కథ మొదలైంది. మా వియ్యంకులు పుత్తూరువాళ్ళు. మంచివాళ్ళు, కట్నం మాట ఎత్తలేదు. వియ్యపురాలు మాత్రం "అమ్మాయికి వజ్రాల కమ్మలు పెడతారు గదా అన్నయ్యగారూ" అని ఒక మాట అడిగింది. పెడతామన్నాను. అమ్మ కమ్మలు పెట్టెలో ఉండనే ఉన్నాయి. తమ్మెలు సాగి, బరువు మోయలేక, ఆమె వాటిని పెట్టుకోవడం మానేసి అయిదారేళ్ళయింది.

మా అమ్మాయి ఒప్పుకోలేదు. మద్రాసులో ఉద్యోగం చేస్తున్న పిల్ల. "భూమిని తవ్వి తీసిన వజ్రాలు నాకొద్దు నాన్నా. ఎన్ని ఊళ్ళు పాడైతే ఒక రాయి వస్తుందో తెలుసా? పెట్టదలుచుకుంటే ల్యాబ్‌లో పెంచిన వజ్రాలు కొనండి, లేదంటే అసలే వద్దు" అంది. కొట్టువాళ్ళిచ్చిన ఒక రంగుల కాగితం కూడా నా చేతిలో పెట్టింది. అందులో పచ్చటి ఆకు బొమ్మ, దానిమీద ఒక వజ్రం. ఈ సంగతి వియ్యపురాలి చెవిన పడింది. "రేపు అవసరానికి అమ్మబోతే ల్యాబు రాళ్ళకు ఏమొస్తుంది అన్నయ్యగారూ" అని ఫోను చేసింది. ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. వజ్రాల వ్యాపారంలో పెద్దదైన డిబీర్స్ సంస్థే 2018లో క్యారెట్టు 800 డాలర్ల ధరతో ల్యాబు వజ్రాల నగలు అమ్మడం మొదలుపెట్టి, ధరలు పడిపోతూ ఉంటే 2025లో ఆ వ్యాపారం మూసేస్తున్నట్టు ప్రకటించింది.

ఇద్దరి మధ్యా నేను. బి.కాం. చదివినవాణ్ణి గనుక లెక్క తేలేదాకా నిద్రపట్టదు. తిరుత్తణి నుంచి తిరువళ్ళూరుకు లోకల్ రైల్లో పోనూ రానూ దొరికే కాలమంతా ఈ విషయం చదవడానికే పెట్టాను. ఆ దారిలోనే తిరువాలంగాడు వస్తుంది. నటరాజస్వామికి చెప్పే ఐదు సభల్లో రత్నసభ అక్కడిదే. రోజూ రత్నసభ మీదుగా వెళ్ళే మనిషికి రత్నాల గురించి ఓనమాలు తెలియకపోవడం నాకే సిగ్గనిపించింది.

జాగర్స్ ఫాంటైన్ అన్నది దక్షిణాఫ్రికాలో, ఫ్రీ స్టేట్ అనే రాష్ట్రంలో ఒక చిన్న ఊరు. 1870లో అక్కడ వజ్రాలు బయటపడ్డాయి. 1893లో దొరికిన ఎక్సెల్సియర్ అనే రాయి 995 క్యారెట్లు. ఒక క్యారెట్టంటే గ్రాములో అయిదో వంతు, అంటే ఆ రాయి రెండువందల గ్రాములకు ఒక గ్రాము తక్కువ. మనుషులు చేతిపనిముట్లతో తవ్విన గోతుల్లో అక్కడిది ప్రపంచంలోకెల్లా పెద్దవాటిలో ఒకటి. ఆ గనిలోని తెల్లటి, నీలిచాయ రాళ్ళకే జాగర్ అని పేరు. ఆ పేరు సముద్రం దాటి మన సౌకారుపేట దాకా వచ్చింది. జాగర్ అని అమ్మినవన్నీ అక్కడివే అయి ఉండవు, ఆ సంగతి వ్యాపారం తెలిసినవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. మా అమ్మమ్మవి అక్కడివేనని నేనూ ప్రమాణం చేయను.

ఆ గని 1971లో మూతపడింది. కాని గని మూసినా గుట్టలు మిగిలాయి. టన్నులకొద్దీ రాయి పగలగొట్టి, నలిపి, కడిగితే చేతికొచ్చేది ఒక క్యారెట్టో అంతకు తక్కువో. తక్కినదంతా చెత్త. కాలేజీలో మాకు కాస్ట్ అకౌంటింగు చెప్పిన మాస్టారు చెత్తకు విలువ సున్న అని రాయించారు. అక్కడ మాత్రం ఆ చెత్తలో ఇంకా చిన్నచిన్న వజ్రాలు మిగిలాయని తర్వాతి కాలంలో మళ్ళీ కడగడం మొదలుపెట్టారు. కడగగా వచ్చిన బురదను పెద్ద కట్ట కట్టి నిలవచేశారు. 2022 సెప్టెంబరు 11, ఆదివారం ఉదయం, ఆ కట్ట తెగింది. ఊరి ఇళ్ళమీదికి బూడిదరంగు బురద వరదలా వచ్చిపడింది. వందకు పైగా ఇళ్ళు దెబ్బతిన్నాయి, ప్రాణాలు పోయాయి, బురద వాగుల్లో పడి రీట్ నది దాకా పోయింది.

ఆ ఫొటోలు చూసినప్పుడు నాకు వెంటనే గుర్తొచ్చింది ఆఫ్రికా కాదు, మీంజూరు. కొన్నేళ్ళు అక్కడి శాఖలో పనిచేశాను. మన జిల్లాలోనే అత్తిపట్టు దగ్గర ఉత్తర చెన్నై థర్మల్ కేంద్రం ఉంది. బొగ్గు కాల్చగా మిగిలిన బూడిదను నీళ్ళతో కలిపి గొట్టాల్లో పంపుతారు. ఆ గొట్టాలు కారి, చిల్లులు పడి, ఎన్నూరు కయ్యలోకి బూడిద చేరడం మీద జాలరివాళ్ళు ఎన్ని ఏళ్ళుగానో కొట్లాడుతున్నారు. బోనుకు వచ్చే రొయ్య లేదని లోను కంతు కట్టలేక మా కౌంటరు ముందు నిలబడినవాళ్ళను నేనే చూశాను. వాళ్ళ కాళ్ళకు మోకాలి దాకా అదే రంగు. ఆ కయ్యలో కలిసే ఏరు ఏదనుకున్నారు? చిత్తూరు జిల్లాలో పుట్టి, పళ్ళిపట్టు మీదుగా వచ్చి, పూండి జలాశయం నింపి, ఎన్నూరులో సముద్రం చేరే మన కుశస్థలి. ఇక్కడ మనం పసుపు కుంకుమ వేసి మొక్కే ఏరు అక్కడ బూడిద మోస్తుంది.

అందుకే మా అమ్మాయి ఇచ్చిన పచ్చాకు కాగితాన్ని కొంచెం అనుమానంగా చదివాను. ల్యాబులో వజ్రం చేసే విధానాలు రెండు. ఒకటి, భూగర్భంలో ఉండేంత ఒత్తిడినీ వేడినీ యంత్రంలో పుట్టించడం. యాభై అరవై వేల వాతావరణాల ఒత్తిడి, పదమూడు వందల డిగ్రీల పైన వేడి. 1954లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీవాళ్ళు దీన్ని సాధించారు. రెండోది, పలచటి వజ్రపు బిళ్ళను విత్తనంగా పెట్టి, మీథేన్, హైడ్రోజన్ వాయువులను మైక్రోవేవ్‌లతో మండించి, పొరమీద పొరగా కర్బనం పేర్చడం. మన దేశంలో సూరత్ చుట్టుపక్కల ఎక్కువగా జరిగేది ఈ రెండోది. వారాల తరబడి ఆ యంత్రం ఆగకుండా నడవాలి. మన గిండీలోని ఐ.ఐ.టి.లో కూడా దీనిమీద పరిశోధనకు 2023 బడ్జెటులో అయిదేళ్ళకు 242 కోట్లు కేటాయించారు. రసాయనం చూసినా, గట్టిదనం చూసినా అది వజ్రమే, నకిలీ కాదు. గొయ్యి లేదు, గుట్ట లేదు, తెగే కట్ట లేదు. అంతవరకు మా అమ్మాయిదే న్యాయం.

మరి ఆ కరెంటు? గుజరాతు కరెంటులో పెద్ద భాగం బొగ్గుదే. సౌరవిద్యుత్తుతో నడిపే కార్ఖానాలూ ఉన్నాయి, కాని కొట్టులో అద్దాల పెట్టెలో ఉన్న రాయిని చూసి ఇది ఎండతో పెరిగిందో బొగ్గుతో పెరిగిందో చెప్పగలవాడు లేడు. సూరత్ బొగ్గు బూడిద ఎన్నూరుకు రాదు, నిజమే. అక్కడా ఏదో ఒక ఏరు ఉంటుంది, దానికీ ఏదో ఒక పేరు ఉంటుంది.

అంకెలు వెతికితే ఇంకో తమాషా. 2019లో వెలువడిన ఒక నివేదిక ప్రకారం సానపట్టిన ఒక క్యారెట్టుకు గనివజ్రం వల్ల 160 కిలోలు, ల్యాబువజ్రం వల్ల 511 కిలోల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. చదవగానే ఉలిక్కిపడ్డాను. తర్వాత చూస్తే ఆ నివేదిక రాయించింది పెద్ద గనుల కంపెనీల సంఘం. బ్యాలెన్సుషీటు చేతికొస్తే ముందు ఆడిటరుకు ఫీజు ఎవరిచ్చారో చూడమని నాకు పని నేర్పిన పాత మేనేజరుగారు చెప్పేవారు. అట్లాగని అవతలివాళ్ళు సత్యహరిశ్చంద్రులా అంటే అదీ కాదు. అదే 2019లో అమెరికాలోని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఎనిమిది నగల వ్యాపార సంస్థలకు లేఖలు రాసింది. ల్యాబు వజ్రాలు పర్యావరణానికి మేలు చేస్తాయని ఊరికే ప్రచారం చేయగూడదు, ఆధారం ఉండాలి అని హెచ్చరించింది. నా మటుకు నాకు తోచింది ఏమంటే, మంచి కరెంటుతో చేసిన ల్యాబు రాయి గని రాయికంటె నయం. చెడ్డ కరెంటుతో చేసినదానికి మార్కులు వేయడానికి నా చేతులు రావు.

తెలుగువాళ్ళం గనుక ఇంకొక సంగతి దాటిపోలేను. కోహినూరు మనదని చెప్పుకొనేటప్పుడు మన ఛాతీ రెండంగుళాలు పెరుగుతుంది. 17వ శతాబ్దంలో కొల్లూరు గని చూసిన టావెర్నియే అనే ఫ్రెంచి వర్తకుడు అక్కడ అరవై వేలమంది పనిచేస్తున్నారని రాశాడు. మగవాళ్ళు తవ్వుతారట, ఆడవాళ్ళూ పిల్లలూ మట్టి మోస్తారట. కృష్ణ ఒడ్డున దొరికిన 410 క్యారెట్ల రాయి ఒకటి మన మద్రాసు కోటకే చేరింది. గవర్నరు పిట్ దాన్ని కొని, సానపట్టించి, 1717లో ఫ్రాన్సు రాజ్యానికి అమ్మాడు. ఇప్పుడది పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉంది. రాయి చరిత్ర ఇంత వివరంగా దొరుకుతుంది. ఆ మట్టి మోసిన పిల్లల్లో ఒక్కరి పేరైనా ఎక్కడా లేదు. కొల్లూరు గోతులున్న చోటు ఇప్పుడు పులిచింతల జలాశయం నీళ్ళ కింద ఉంది. ఉత్తరాదిన మధ్యప్రదేశ్ బక్స్వాహా అడవిలో వజ్రాల గనికోసం రెండు లక్షలకు పైగా చెట్లు కొట్టాల్సి వస్తుందని 2021లో పెద్ద గొడవే జరిగింది. మనుషులు మోసినా యంత్రాలు మోసినా మట్టి మోయవలసిందే.

మా ఆవిడ ఇదంతా విని, "అయితే నా ముత్యాలు కూడా పాపమేనా?" అని అడిగింది. హైదరాబాదులో కొన్న సరం. అవి పెంచిన ముత్యాలే. మన్నారు సింధుశాఖలో ముత్యపు చిప్పల వేట 1961తో ముగిసింది. 1973లో తూత్తుకుడిలో అళగర్‌స్వామిగారనే శాస్త్రవేత్త మన దేశంలో గుండ్రటి ముత్యాన్ని పెంచి చూపించాడు. సముద్రపు చిప్పకు శుభ్రమైన నీళ్ళు కావాలి, అందువల్ల పెంచేవాడే నీళ్ళను కాపాడుకుంటాడు. చైనా చెరువుల్లో ఎరువులు గుమ్మరించి పెంచిన మంచినీటి ముత్యాల కథ వేరు. ఆమె సరం ఏ నీళ్ళదో తెలియదు గనుక ఊరుకున్నాను. కెంపుల జోలికి అసలే పోలేదు. పొయ్యిమంటలో కెంపు తయారుచేసే పద్ధతిని వెర్నూయ్ అనే ఫ్రెంచివాడు 1902లోనే లోకానికి చెప్పాడు. చేసిన రాళ్ళను తిరుచ్చి చుట్టుపక్కల ఊళ్ళలో ఇళ్ళలో కూర్చుని సానపట్టేవాళ్ళు. మన అడ్డిగల్లో, నాట్యం చేసే పిల్లల నగల్లో మెరిసేవి చాలావరకు అవే. వంద ఏళ్ళుగా ల్యాబు రాళ్ళు మెడలో వేసుకుంటూ, వజ్రం దగ్గరికొచ్చేసరికి ఇంత రాద్ధాంతం చేస్తున్నామన్నమాట.

చివరికి అమ్మ కమ్మల్ని ఆచారికి చూపిద్దామనుకున్నాను. తీరిక దొరికేది శుక్రవారమే. శుక్రవారం ఇంటినుంచి తీసుకుపోతే ఒప్పుకోనని అమ్మ పట్టుబట్టింది. గురువారం సాయంత్రమే పొట్లాన్ని పక్కింటివాళ్ళ బీరువాలో పెట్టించి, "గురువారమే గడప దాటింది, ఇక నీకేం బాధ?" అన్నాను. బ్యాంకువాడి బుద్ధి. ఆమె నవ్వింది.

ఆచారి తూచాడు. ఎనిమిది గ్రాముల పైచిలుకు. రాళ్ళ బరువు గ్రాములో మూడో వంతు కూడా ఉండదన్నాడు. తర్వాత పెన్నులాంటి యంత్రం తీసి ఒక్కొక్క రాయిమీద మొన ఆనించాడు. వజ్రం వేడిని గబుక్కున లాగేసుకుంటుంది గనుక యంత్రం కీచుమంటుంది. పద్నాలుగు రాళ్ళలో పదకొండింటికి కీచుమంది. మూడింటికి కిమ్మనలేదు. ఒక కమ్మలో కింది రెండు, రెండోదానిలో కిందిది ఒకటి. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ అంతే. "అమెరికన్ డైమండ్ సార్" అన్నాడు మెల్లగా తమిళంలో. అంటే జిర్కోనియా. అదీ కొలిమిలో చేసిన రాయే, కాని వజ్రం కాదు.

నాకు రక్తం మరిగింది. నా చిన్నతనంలో ఆ కమ్మలు రెండుసార్లు తాకట్టుకొట్టుకు పోయివచ్చాయి. ఆ సేటే మార్చి ఉంటాడని ఇల్లు చేరేదాకా అతణ్ణి తిట్టుకుంటూనే వచ్చాను. అరక్కోణంలో రైలు ఎంతసేపు నిలిచిందో కూడా తెలియలేదు.

అమ్మ మంచంమీద కూర్చుని వక్క దంచుకుంటోంది. చెప్పాను. ఆమె రోకలి ఆపింది.

"ఆ సేటును తిట్టబాకు నాయనా. నేనే తీయించినా."

"ఎప్పుడమ్మా?"

"నువ్వు బ్యాంకు పరీక్షకని మద్రాసులో పోయి ఉన్నావే, ఆ యేడు. మీ నాయనకు వొళ్ళు బాగలేదు. నీకు నెలనెలా దుడ్లు పంపాల గదా. మన ఊరి ఆచారే మూడు రాళ్ళు తీసుకొని తెల్లరాళ్ళు యేసిచ్చినాడు. కిందపక్క తీయమన్నా, కనబడదని."

1990. ట్రిప్లికేన్‌లో మాన్షన్ గది, నలుగురం అద్దె పంచుకొనేవాళ్ళం. నెలనెలా మనియార్డరు వచ్చేది. ధాన్యం అమ్మిన డబ్బనుకున్నాను. ఎన్నడూ అడగలేదు.

"చెప్పలేదే" అన్నాను.

"చెప్తే నువ్వు చదువుకొంటావా? అయినా యెవురు కనిపెట్టినారు? అందురూ జాగర్ జాగర్ అంటానే ఉండిరి" అంటూ మళ్ళీ దంచుకోసాగింది.

ఆదివారం అమ్మాయి వచ్చినప్పుడు చెప్పాను, నేను చదివిందీ అమ్మ చేసిందీ రెండూ. జాగర్స్ ఫాంటైన్ బురద ఫొటో కూడా చూపించాను. చాలాసేపు కమ్మల్ని అరచేతిలో పెట్టుకొని కూర్చుంది. నేను నాకు తోచింది చెప్పాను. కొత్తగా తవ్వించవద్దు, కొత్తగా కాల్చించనూ వద్దు, ఎప్పుడో తవ్వి పైకి తీసిన రాయి ఇంట్లో ఉండగా ఇంకొకటి ఎందుకు. అయితే ఆ ఊరి బురదలో తన పాలు కొంత ఉన్నట్టు ఉండదా అని ఆమె అడిగింది. ఉంటుందన్నాను. పెట్టుకోకపోయినా ఉంటుంది. దానికి నా దగ్గర లెక్క లేదు.

"అవ్వ కమ్మలే పెట్టుకుంటాను. ఆ మూడు చోట్లా ల్యాబ్ వజ్రాలు వేయిద్దాం" అంది. సన్నరాళ్ళు, పెద్ద ఖర్చు కాదు. అమ్మ లోపలినుంచే "అవి అట్లనే ఉండనీండి" అని కేక వేసింది. దాంతో ఆ మాట అక్కడ ఆగింది.

వియ్యపురాలికి దాచడం నాకిష్టం లేదు. రేపు ఏ కంసాలి దగ్గరో బయటపడితే మాటపడేది అమ్మాయి. నేను ఫోను తీసేలోగా అమ్మాయే మాట్లాడింది, మూడు రాళ్ళ సంగతి ఎందుకు ఎప్పుడు అన్నీ చెప్పింది. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత ఆమె "మీ నాన్నగారి చదువుకా?" అని అడిగిందట. "సరే, మార్చొద్దులే. కాని ఎవరికీ చెప్పబాకండి" అందట. ఇక్కడ రాస్తున్నానని ఆమెకు తెలియదు. పుత్తూరులో ఈ పత్రిక వచ్చే ఇల్లు లేదని ధైర్యం.

కమ్మలు ఇప్పుడు ఆచారి దగ్గర ఉన్నాయి. ఒకదాని తిరుగాణి మర అరిగిపోయిందట, చెవికి పెడితే జారిపోతుందట. కొత్తది చేసి, కడిగి, బుధవారం ఇస్తానన్నాడు. కూలీ ఎంతయ్యా అంటే, "బంగారానికి మాత్రం ఇవ్వండి సార్" అన్నాడు.